పాత రైఫిలు – మరమ్మతు

ఎన్.సి.సి. విద్యార్థులు గురిచూసి కాల్చడం నేర్చుకొనే .22 రైఫిలు రిమ్‌ఫైర్ జాతికి చెందినది. దీని తూటాలో నిప్పు పుట్టించే రసాయనం అడుగుభాగపు అంచులో ఉంటుంది. ఫైరింగ్ పిన్ అనే సూది ఆ అంచును కొట్టగానే తూటా పేలుతుంది. తూటా లేకుండా పదేపదే మీట నొక్కితే, కొన్ని రైఫిళ్ళలో ఆ సూది గొట్టపు అంచుకే తగిలి సొట్ట పెడుతుంది. అప్పుడు తూటా సరిగా ఇమడదు. చూడడానికి పెద్ద లోపంగా తోచినా, నేర్పరి చేతిలో ఇది సరిదిద్దదగినదే. కర్రపిడిలోని చిన్న పగులూ అంతే.

గోదావరి డెల్టాలో అసలు శత్రువు తేమ. కోనసీమ వంటి తీరప్రాంతంలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. ఏళ్ళ తరబడి మూలపడిన రైఫిలు గొట్టంలో తుప్పు పడుతుంది. పైపై తుప్పు నూనెగుడ్డతో పోతుంది. గుంటలు పోవు, గురి చెడుతుంది. గొట్టం ఉబ్బినా, చీలినా దానిని కాల్చరాదు. కాల్చేవాని కంటికే ముప్పు. కొత్త గొట్టం వేయించే ఖర్చు ఒక్కొక్కప్పుడు చౌకగా కొన్న రైఫిలు వెలను మించుతుంది.

వీటన్నిటికన్న ముందు చూడవలసినది లైసెన్సు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి ఉంచుకొనేవానికే కాక, దానిని బాగుచేసే వ్యాపారికీ లైసెన్సు ఉండాలి. ఊరి కమ్మరి ఎంతటి పనివాడైనా సరే, అతనికి ఆ తుపాకిని అప్పగించరాదు.