మంచు పడని చలికాలంలో స్నో బండి గతేంటి?



2024 సంక్రాంతి సెలవుల తర్వాత స్కూల్ తెరిచిన మొదటి వారం. ఏడో తరగతి పిల్లలకు సెలవుల మీద ఇంగ్లీషులో డైరీ ఎంట్రీ రాయమన్నాను. అందరూ పేజీ నిండా రాశారు. ఒక అబ్బాయి మాత్రం మూడు వాక్యాలు రాసి ఇచ్చేశాడు. మేము కాశ్మీర్ వెళ్లాం. గుల్మార్గ్ చూశాం. అక్కడ గడ్డి ఉంది.

గ్రామర్ తప్పు ఒక్కటీ లేదు. మార్కులు ఎన్ని వేయాలో నాకే తెలియలేదు.

పేరెంట్స్ మీటింగ్‌కు వాళ్ల నాన్నగారు వచ్చారు. నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీ వాళ్లది. "స్నో స్కూటర్ ఎక్కిస్తానని వీడిని రెండు నెలలు ఊరించినా మేడమ్. తీరా పోతే యాడ చూసినా ఎండు గడ్డే. బండ్లన్నీ పట్టలు కప్పి వరసగా నిలబెట్టినారు. ఆ బండ్లోళ్ల ముఖాలు చూస్తే, వాన రాని ఏడాది మా నాయన ముఖం గుర్తొచ్చింది" అన్నారు. పక్కనే ఉన్న అబ్బాయి నన్ను అడిగాడు: "అంత చలి ఉన్నింది కదా మేడమ్, మంచు ఎందుకు పడలేదు?"

ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివి తెలుసుకున్నాను. మళ్లీ సంక్రాంతి సెలవులు వస్తున్నాయి, మంచు చూడటానికి ఎక్కడికి వెళ్తే బాగుంటుందని ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు అడిగారు కూడా. అందుకే ఈ నెల ఈ విషయం.

ముందు మాట సంగతి చూద్దాం. ఇంగ్లీషు టీచర్‌ని కాబట్టి అలవాటు. మనకు అన్నీ మంచే. తెల్లవారుజామున గడ్డి మీద నీటి బొట్లు మంచు. బస్సు కనపడకుండా కమ్ముకునేది పొగమంచు. మామిడి పూతను పాడు చేసే పురుగు పేరు కూడా తేనెమంచు పురుగు. ఇంగ్లీషులో వీటికి డ్యూ, ఫాగ్, ఫ్రాస్ట్, స్నో అని వేరువేరు మాటలున్నాయి. ఈ తేడా తెలియకే లంబసింగి వెళ్లి నిరాశపడే పిల్లలు చాలామంది. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి దగ్గర, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉండే ఆ ఊరిని ఆంధ్రా కాశ్మీర్ అంటారు. అక్కడ కనిపించేది ఎక్కువగా పొగమంచు. బాగా చలి ముదిరి, మబ్బు లేని, గాలి లేని రాత్రి అయితే గడ్డి మీద తెల్లగా పేరుకునే ఫ్రాస్ట్. ఆకాశం నుంచి దూదిలా రాలే స్నో కాదు. స్నో బండి ఫ్రాస్ట్ మీద నడవదు.

ఆ బండి ఎలా నడుస్తుందో తెలిస్తే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది. ముందు చక్రాలుండవు, రెండు స్కీ పలకలుంటాయి. హ్యాండిల్ తిప్పితే అవి తిరుగుతాయి. వెనక పొక్లెయిన్ చైన్ లాంటి వెడల్పాటి రబ్బరు పట్టా ఉంటుంది. క్వారీల దగ్గర పెరిగిన మన పిల్లలకు ఇది వేరే చెప్పక్కర్లేదు. స్కూటీలో లాగే గేర్లు మార్చే పని లేకుండా లోపల బెల్ట్ చూసుకుంటుంది. ఇంజిన్ తిరిగితే పట్టా మంచును వెనక్కి తోస్తుంది, బండి ముందుకు పోతుంది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఈ బండికి మంచు రోడ్డు మాత్రమే కాదు, రేడియేటరూ గ్రీజూ కూడా. ఇంజిన్ వేడిని మోసుకొచ్చే నీళ్లు సీటు కింది భాగంలో, పట్టాకు పైన ఉండే గొట్టాల్లోంచి పోతాయి. పట్టా ఎగజిమ్మే మంచు పొడి ఆ గొట్టాలకు తగిలి వాటిని చల్లబరుస్తుంది. గాలితో చల్లబడే ఇంజిన్లున్న రకాలూ ఉన్నాయి. కానీ వాటిలోనూ పట్టా లోపలి వైపు ప్లాస్టిక్ పట్టీల మీద జారుతూ తిరుగుతుంది. ఆ రాపిడి దగ్గర తడి అందించేది మంచే. పలచటి మంచు మీదో, గట్టి ఐస్ మీదో, మట్టి మీదో కాసేపు నడిపితే ఇంజిన్ వేడెక్కుతుంది, ప్లాస్టిక్ పట్టీలు కరగడం మొదలవుతుంది. అమెరికాలో కొత్త బండి ధర సాధారణంగా పదివేల డాలర్ల పైమాటే. గుల్మార్గ్‌లో ఒక బండిని నమ్ముకుని బతికే మనిషి, మీ పిల్లవాడు ఏడుస్తున్నాడని గడ్డి మీద ఒక రౌండు తిప్పి చూపించలేడు. అతనిది మొండితనం కాదు.

ఈ బండి పుట్టుక వెనక కథ వేరే. కెనడాలోని క్విబెక్‌లో జోసఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ ఉండేవారు. 1934 చలికాలంలో రెండేళ్ల కొడుక్కి జబ్బు చేసింది. మంచు పడి దారులన్నీ మూసుకుపోయాయి, ఆసుపత్రికి తీసుకెళ్లే మార్గం లేక బిడ్డ చనిపోయాడు. అంతకుముందు నుంచే మంచు మీద నడిచే బండి కోసం తంటాలు పడుతున్న ఆయన ఆ తర్వాత పట్టు విడవలేదు. 1937లో పేటెంట్ వచ్చింది. 1959లో ఒకరిద్దరు కూర్చునే చిన్న బండి, స్కీ డూ, మార్కెట్లోకి వచ్చింది. మంచు ఎక్కువై ఇబ్బంది పడ్డ చోట పుట్టిన బండి అది.

ఇక అబ్బాయి ప్రశ్న. చలి ఉన్నా మంచు ఎందుకు పడలేదు?

మంచు పడాలంటే చలి ఒక్కటే చాలదు, తేమ కూడా రావాలి. మనకు వాన తెచ్చేవి రుతుపవనాలైతే, కాశ్మీర్‌కు చలికాలంలో మంచు తెచ్చేవి మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వాతావరణ వ్యవస్థలు. వెస్టర్న్ డిస్టర్బెన్సెస్ అంటారు. 2023 డిసెంబరులో, 2024 జనవరిలో బలమైనవి అటు రానే లేదు. అది ఎల్‌నినో చలికాలం కూడా. ఆ డిసెంబరులో జమ్మూ కాశ్మీర్‌లో వాన, మంచు కలిపి దాదాపు 80 శాతం లోటు. రాత్రులు సున్నాకు దిగువనే ఉన్నాయి, ఆకాశం మాత్రం పొడిగా ఉండిపోయింది. నంద్యాల జిల్లా మనిషికి ఇది కొత్తేమీ కాదు. మబ్బు పడుతుంది, గాలి వస్తుంది, చినుకు మాత్రం రాదు.

మనకు మృగశిర, ఆరుద్ర కార్తెలున్నట్టే కాశ్మీరీలకూ చలికాలపు లెక్క ఉంది. డిసెంబరు 21 నుంచి జనవరి నెలాఖరు దాకా 40 రోజులు చిల్లై కలాన్. తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్, ఆపైన 10 రోజులు చిల్లై బచ్చా. ఆ మొదటి 40 రోజుల్లో పడిన మంచే గట్టిపడి నిలుస్తుంది, వేసవిలో మెల్లగా కరిగి వాగులకు, ఆపిల్ తోటలకు నీళ్లవుతుంది. ఫిబ్రవరి, మార్చిలో పడేది త్వరగా కరిగిపోతుంది. అందుకే ఆ జనవరిలో దిగులు టూరిస్టులకంటే అక్కడి వాళ్లకే ఎక్కువ. వాన కోసం మన ఊళ్లలో విరాటపర్వం చదివించినట్టు, అక్కడ మసీదుల్లో ప్రత్యేక ప్రార్థనలు చేశారు. చివరకు జనవరి ఆఖరి రోజుల్లో మంచు పడింది. మన పిల్లలు అప్పటికే వెనక్కి వచ్చి యూనిట్ టెస్టులు రాస్తున్నారు.

అది ఒక్క ఏడాది ముచ్చట అయితే బాగుండేది. 2025లో గుల్మార్గ్‌లో ఫిబ్రవరి 22న మొదలవ్వాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ మంచు చాలక వాయిదా పడి, మార్చి 9 నుంచి 12 వరకు జరిగాయి.

మంచుకు పుట్టిల్లు లాంటి దేశాల్లో కూడా ఇదే తంతు. అమెరికాలోని మిన్నెసోటాలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ రాష్ట్రంలో స్నో బండ్ల కోసం 22 వేల మైళ్ల దారులున్నాయి, అంటే 35 వేల కిలోమీటర్లు. వాటిని బాగుచేసేది ఎక్కువగా ఊరి క్లబ్బుల్లోని వాలంటీర్లే. సుమారు ఒక అడుగు మంచు పడితే గానీ ట్రాక్టరుతో దారి చదును చేయడానికి కుదరదు. దారిలో వచ్చే చెరువులు, బురద నేలలు కూడా గడ్డకట్టాలి. 2023–24 చలికాలం ఆ రాష్ట్ర రికార్డుల్లోనే అత్యంత వెచ్చనిది. ఆ ఏడాది అక్కడ బేర్‌గ్రీజ్ అనే పేరున్న కుక్కల స్లెడ్జి పందెం రద్దయింది. అలాస్కాలో ఇడిటరాడ్ పందెం మంచు లేక 2003, 2015, 2017, 2025 సంవత్సరాల్లో ఉత్తరాన ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

అక్కడి బండ్లవాళ్లు ఊరికే కూర్చోలేదు. పట్టా పక్కన స్ప్రింగు లాంటి ఇనుప పుల్లలు బిగిస్తారు. అవి గట్టి ఐస్‌ను గీరి, ఆ పొడిని పట్టా మీదికి చిమ్ముతాయి. ప్లాస్టిక్ పట్టీల మీద బరువు తగ్గడానికి అదనపు చిన్న చక్రాలు వేస్తారు. మంచు ఉన్న చోటుకు బండిని ట్రైలర్ మీద వందల మైళ్లు తోలుకుపోతారు. కొందరికి పిచ్చి మరీ ముదిరింది. గడ్డి మీద స్నో బండ్ల రేసులు పెడతారు, నిండు వేసవిలో చెరువు నీళ్ల మీద కూడా వేగంగా దూకిస్తారు. స్పీడు తగ్గిందా, బండి మునిగిందే. (దయచేసి ఆ వీడియోలు మా ఏడో తరగతి పిల్లలకు చూపించకండి.)

మెషిన్లతో మంచు తయారు చేయవచ్చు కదా అని అడుగుతారు. చేయవచ్చు. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్ దాదాపు మొత్తం అలా చేసిన మంచు మీదే జరిగాయి. కానీ దానికి బోలెడు నీళ్లు కావాలి, కరెంటు కావాలి, గాలి కూడా సున్నాకు దిగువన ఉండాలి. ఒక వాలు మీద పరచడం వేరు, వేల కిలోమీటర్ల దారి మీద పరచడం వేరు. నాలుగు గోడల మధ్య చూస్తే చాలనుకుంటే మన హైదరాబాద్‌లో 2004 నుంచి స్నో వరల్డ్ ఉంది.

గుల్మార్గ్ బండ్లవాళ్లకు ఉన్న దారి పైకి వెళ్లడమే. ఊరు ఉన్న మైదానం సుమారు 2,650 మీటర్ల ఎత్తు. గొండోలా కేబుల్ కారు మొదటి దశ కాంగ్‌డూరి దాకా, సుమారు 3,080 మీటర్లకు తీసుకెళ్తుంది. రెండో దశ అఫర్వట్ దగ్గర 3,950 మీటర్ల వరకు పోతుంది. కింద గడ్డి ఉన్నా పైన మంచు ఉండే అవకాశం ఉంది. మనాలి వైపు కూడా అంతే. సోలాంగ్‌లో మంచు లేకపోతే, 2020లో ప్రారంభమైన అటల్ టన్నెల్ దాటించి సిస్సు వైపు తీసుకెళ్తారు.

కాబట్టి ఈసారి వెళ్లాలనుకునే తల్లిదండ్రులకు నా మాట. ప్యాకేజీ కాగితంలో మంచు గ్యారంటీ అని ఉంటే నమ్మకండి, ఆ గ్యారంటీ ఇవ్వగలిగినవారు ఎవరూ లేరు. బయలుదేరే వారం ముందు శ్రీనగర్ వాతావరణ కేంద్రం బులెటిన్ చూడండి, భద్రత సంగతి కూడా విచారించుకోండి. మంచు లేకపోతే స్నో స్కూటర్ డబ్బు వెనక్కి ఇస్తారా అని ముందే అడిగి, జవాబు రాయించుకోండి. గొండోలా టికెట్ ముందుగానే బుక్ చేసుకోండి. ఫిబ్రవరి మొదట్లో వెళ్తే మంచుకు అవకాశం మెరుగు, కానీ పరీక్షల ముందు లీవు పెట్టించమని టీచర్‌గా నేను రాయలేను. టెన్త్ పిల్లల తల్లిదండ్రులైతే ఈ వాక్యం చదవనట్టే ఉండండి. అన్నింటికంటే ముందు, బయలుదేరక ముందే పిల్లలకు చెప్పండి: మంచు పడొచ్చు, పడకపోవచ్చు, పడకపోతే ఎందుకో అక్కడి వాళ్లను అడిగి తెలుసుకుందాం అని. ఆ అబ్బాయిని బాధపెట్టింది గడ్డి కాదు, రెండు నెలల ఊరింపు.

చలికాలం మాట తప్పితే నష్టపోయేవాళ్లు మన ఊళ్లోనూ ఉన్నారు. 2017లో జియోగ్రాఫికల్ ఇండికేషన్ గుర్తింపు పొందిన మన బనగానపల్లె మామిడికి కూడా చలి కావాలి. నేల కాస్త బెట్టకు వచ్చి, రాత్రులు 15 డిగ్రీల చుట్టుపక్కలకు దిగి కొన్నాళ్లు నిలిస్తే కొమ్మ చివర పూమొగ్గ కడుతుంది. రాత్రులు వెచ్చగా ఉంటే అదే కొమ్మ పూత బదులు చిగురు వేస్తుంది. లేదా పూత విడతలు విడతలుగా వస్తుంది, అప్పుడు మందు ఎప్పుడు కొట్టాలో, కాయ ఎప్పుడు కోయాలో తెలియదు. మబ్బు పట్టి తేమ పెరిగితే బూడిద తెగులు. రైతులు కల్టార్ పోస్తారు, పొటాషియం నైట్రేట్ పిచికారీ చేస్తారు. అమెరికా వాళ్లు బండికి ఇనుప పుల్లలు బిగించినట్టే ఇదీ. కొంతవరకే పనిచేస్తుంది, ఖర్చు మాత్రం ప్రతిసారీ అవుతుంది.

ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడు, మన పూత తేదీలు మనమే రాసుకుందామని పిల్లలే అన్నారు. ఏడో తరగతి వాళ్లు రోజూ ప్రేయర్‌కు ముందు థర్మామీటర్ చూసి నోట్‌బుక్‌లో రాస్తున్నారు. తోటలున్న తల్లిదండ్రులు, ఇంటి ముందు ఒక్క చెట్టున్నవారైనా సరే, ఈ సీజన్‌లో పూత మొదట కనిపించిన తేదీ, చెట్టు రకం, పూత ఒకేసారి వచ్చిందా విడతలుగానా అన్నది స్కూల్ డైరీలో రాసి పంపండి. పోయిన సంవత్సరాల తేదీలు ఇంట్లో తాతగారికో అవ్వగారికో గుర్తుంటే అవీ రాయండి. జనవరి ఆఖరి శనివారంలోపు అందితే, పిల్లలు వేసే చార్టును ఫిబ్రవరి సంచికలో చూపిస్తాం.