డీజిలు ఇంజనులో మసి ఏల పేరుకొనును? ఎట్లు వదలును?

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించుటకు స్పార్క్ ప్లగ్గు కలదు. 1893లో రుడాల్ఫ్ డీజిల్ పేటెంటు పొందిన యంత్రమునకు అది అక్కరలేదు. సిలిండరులోని గాలిని పిస్టను అదిమినపుడు దాని ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్‌ను మించును. అందులోనికి ఇంజెక్టరు చిమ్మిన డీజిలు తుంపరలు తమంత తామే అంటుకొనును. అయితే తుంపర దట్టముగా నున్నచోట ప్రాణవాయువు చాలక, దహనము పూర్తికాక, ఇంధనమందలి కర్బనము మసియై మిగులును.

ఆ మసి యంతయు పొగగొట్టమున వెడలిపోవునా? పోదు. నత్రజని ఆక్సైడులను తగ్గించుటకై పొగలో కొంతభాగమును ఈజీఆర్ వాల్వు మరల ఇంజనులోనికే పంపును. ఆ పొగలోని మసియు, ఇంజనాయిలు ఆవిరియు కలిసి, గాలి వచ్చు మార్గపు లోపలిగోడలకు తారువలె అంటుకొని, దారిని ఇరుకు చేయును. గాలి తగ్గినకొలది మసి పెరుగును. మసి పెరిగినకొలది గాలి మరింత తగ్గును.

ఇంజను వేడెక్కకమునుపే ముగియు చిన్న ప్రయాణములు ఈ మసి పేరుకొనుటకు ఒక ముఖ్యకారణము. కావున అప్పుడప్పుడు రహదారిపై కొంతసేపు నిలకడ వేగముతో నడుపుటయు, ఎయిర్ ఫిల్టరును వేళకు మార్చుటయు, తయారీదారు చెప్పిన ఆయిలునే వాడుటయు మేలు. అట్లు నిలకడ వేగముతో నడుపునపుడు, పొగగొట్టములోని డీపీఎఫ్ అను వడపోత పరికరము సుమారు 600 డిగ్రీలకు వేడెక్కి, తనలో చిక్కిన మసిని కాల్చివేయును.

గాలిమార్గమున గట్టిపడినది మాత్రము ఇట్లు పోదు. మెకానిక్కు ఈజీఆర్ వాల్వును విప్పి, దాని విద్యుత్ మోటారు తడియకుండ, ద్రావకము పూసి కుంచెతో రుద్దును. ఇంజనులోనికి గాలి పోవు ద్వారములపై అక్రోటు పెంకుల పొడిని గాలితో చిమ్మును. మసిని రాల్చుటకు చాలినంత గట్టిదనమే గాని, లోహమును గీయునంత గట్టిదనము ఆ పెంకునకు లేదు.