మూత్రపిండాల వ్యాధి – ఒంటి దురద

చర్మంపై పొక్కు లేదు, దద్దురు లేదు, తామర లేదు. అయినను వీపు, చేతులు, తల, ఒక్కొక్కప్పుడు ఒళ్ళంతా ఆపుకొనలేని దురద. పగలు పనిలో పడి కొంత మరచిపోవచ్చును. రాత్రి దీపం ఆర్పిన తరువాత అది విజృంభిస్తుంది. గోకగా గోకగా చర్మం చీరుకొనిపోతుంది, నెత్తురు చిమ్ముతుంది, కొందరికి గట్టి బుడిపెలు కడతాయి. అప్పుడు చూచినవారు ఆ పుండ్లను చూచి ఇది చర్మవ్యాధి అనుకొంటారు. నిజానికి పుండు వలన దురద రాలేదు. దురద వలన పుండు వచ్చినది. మూత్రపిండాల వ్యాధి ముదిరిన వారిలో, ముఖ్యంగా డయాలిసిస్ అనే రక్తశుద్ధి చేయించుకొనే వారిలో, ఈ బాధ ఎంత సామాన్యమో చాలామందికి తెలియదు.

పదిహేడు దేశాలలో డయాలిసిస్ రోగులను పరిశీలించి 2017లో ప్రకటించిన ఒక నివేదిక ప్రకారం, వారిలో సుమారు 37 శాతం మంది ఓ మోస్తరుగానో, అంతకు మించియో దురదతో బాధపడుతున్నారు. అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి మరొకటి ఉన్నది. దురద మిక్కిలి తీవ్రంగా ఉన్నవారిలో సైతం 17 శాతం మంది ఆ మాట ఆస్పత్రిలో ఎవరితోనూ చెప్పలేదు. నూటికి 69 కేంద్రాలలో వైద్యాధికారులు తమ రోగులలో ఈ బాధ ఉన్నదానికంటె తక్కువగా ఉన్నదని తలచారు. రోగి చెప్పడు; వైద్యుడు అడగడు. రక్తపోటు, నీరసం, ఆయాసం వంటి పెద్ద బాధల నడుమ దురద చెప్పుకోదగిన విషయం కాదని మనవారి అభిప్రాయం. నలుగురిలో గోకుకొనడం సిగ్గనుకొని బంధువుల ఇండ్లకు పోవడం మానుకొనేవారున్నారు. నెలల తరబడి నిద్ర లేని మనిషి మనస్సు క్రుంగిపోతుంది. దీనిని చిన్న బాధ అనడం న్యాయం కాదు.

ఇది ఎందువలన కలుగుతుంది? ఒకే కారణం చెప్పడానికి వీలు లేదు. మూత్రపిండాలు వడగట్టి బయటకు పంపవలసిన మలినాలు రక్తంలో నిలిచిపోవడం ఒకటి. చెమట గ్రంథులు కుంచించుకొనిపోయి చర్మం ఎండి పొట్టు రాలడం మరొకటి. రక్తంలో భాస్వరం పెరగడం, పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేయడం కూడ దోహదం చేస్తాయి. పూర్వం ఈ భాస్వరాన్నే ప్రధాన దోషిగా భావించేవారు. ఈనాడు అది అనేక కారణాలలో ఒకటిగా మాత్రమే లెక్కకు వస్తున్నది. వీటికి తోడు, నరాలలో నల్లమందు వంటి పదార్థాలను గ్రహించే రెండు విధాల గ్రాహకాలు ఉన్నవి. ‘మ్యూ’ అనునది దురదను రేపుతుంది, ‘కప్పా’ అనునది అణచివేస్తుంది. మూత్రపిండ వ్యాధిలో ఈ రెండింటి తూకం తప్పుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అనగా దురద పుట్టుక చర్మంలో మాత్రమే కాదు, నరాలలో కూడ ఉన్నదన్నమాట. సామాన్యంగా దద్దుర్లకు వాడే మాత్రలు ఇక్కడ అంతగా పనిచేయకపోవడానికి కారణం ఇదే. అవి వేసుకొన్నప్పుడు కలిగే సుఖం చాలవరకు మగత వలన కలిగినదే.

ఇది అంటువ్యాధి కాదు. రోగి తువ్వాలు, పక్క, కంచం వేరు చేయవలసిన అగత్యం ఎంతమాత్రం లేదు. అయితే ఒక హెచ్చరిక. ఇంటిలో మరికొందరికి కూడ దురద పట్టి, వ్రేళ్ళ సందులలో, మణికట్ల వద్ద పొక్కులు కనిపిస్తే అది గజ్జి కావచ్చును. దాని చికిత్స వేరు. కండ్లు పచ్చబడితే కాలేయం సంగతి చూడవలె. క్రొత్త మందు మొదలుపెట్టిన వెంటనే దద్దుర్లు లేస్తే ఆ మాట వెంటనే వైద్యునికి చెప్పవలె.

ఇక ఇంటిలో చేసుకొనదగిన ఉపచారం. మనవారికి దురద అనగానే సలసల కాగిన నీళ్ళు, సున్నిపిండితో గట్టిగా రుద్దడం గుర్తుకు వస్తాయి. ఆ క్షణానికి హాయిగానే ఉంటుంది. కాని చర్మంలో మిగిలిన కాస్త జిడ్డు కూడ పోయి, గంట గడిచేసరికి దురద రెట్టింపవుతుంది. గోరువెచ్చని నీటితో కొద్దిసేపు స్నానం చేసి, సబ్బును చంకలు, గజ్జలు వంటి చోట్లకే పరిమితం చేసి, తువ్వాలుతో రుద్దక మెల్లగా అద్దుకొని, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే నూనె గాని, వేసలీను గాని పలుచగా పూయవలె. పగలు ఒకసారి, పడుకొనబోయే ముందు ఒకసారి. ఒకనాడు పూసి గుణం లేదని మానరాదు; కొన్ని వారాలు పట్టవచ్చును. సువాసన కలిపిన లేపనాలు వద్దు. పేరు తెలియని పసరు మందులు, చూర్ణాలు అసలే వద్దు. వాటిలో కొన్ని మిగిలిన మూత్రపిండాన్ని కూడ తినివేస్తాయి. గోళ్ళు కురచగా కత్తిరించుకొని, నూలు బట్టలు ధరించి, దురద లేచినప్పుడు చల్లని తడిగుడ్డ ఆ చోట వేసుకొనవలె. డయాలిసిస్ సూది గుచ్చే చేతి విషయంలో మరింత జాగ్రత్త కావలె. అక్కడ గోకిన గాయం చీము పట్టినదా, ప్రాణానికే ముప్పు. సూది గుచ్చే రోజున ఆ చోట నూనె పూయరాదు.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం మాట ఇక్కడ చెప్పక తప్పదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస – ఈ మండలాల పల్లెలలో ఎందరో రైతులు, కూలీలు మూత్రపిండాల వ్యాధికి గురియైనారు. దానికి కారణమేమో ఇంకను నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమైనవి. కొబ్బరికీ, జీడిమామిడికీ పేరుపొందిన సీమ అది. ఆ కొబ్బరినూనె ఎండిన చర్మానికి చక్కని లేపనం. కాని ఆ కొబ్బరినీరే డయాలిసిస్ రోగికి శత్రువు. ‘ఒళ్ళు వేడి చేసినది, అందుకే దురద’ అని ప్రేమతో బోండాం కొట్టి ఇచ్చే చుట్టాలున్నారు. అందులోని పొటాషియం మూత్రం ద్వారా పోలేక రక్తంలో పేరుకొని గుండెను ఆపివేయగలదు. చర్మం ఎండినదని మంచినీళ్ళు గాని, మజ్జిగ గాని మితం మీరి త్రాగడమూ పొరబాటే. ఎండిన చర్మానికి తేమ పైనుండి పట్టవలె. వైద్యుడు విధించిన నీటి కొలత దాటకూడదు.

జీడిపప్పులో భాస్వరం హెచ్చు. పాలు, పెరుగు, మాంసం మితంగా తీసికొనవలె. సీసాలలో అమ్మే నల్లని శీతల పానీయాలలోను, నిలువ ఉంచే మాంసపదార్థాలలోను కలిపే భాస్వరపు లవణాలు మరింత సులభంగా రక్తంలో చేరుతవి. భాస్వరాన్ని పట్టి ఉంచే మాత్రలు భోజనంతోపాటే వేసికొనవలె. పరగడుపున మ్రింగితే చాలవరకు వృథా. వంకాయ, గోంగూర దురద పుట్టిస్తాయని మానివేసి, ఈ మాత్రలను మరచిపోయే వారిని చూస్తే జాలి కలుగుతుంది.

ఇంతటితో తగ్గనప్పుడు వైద్యుని చేతిలో మరికొన్ని ఉపాయాలున్నవి. ముందుగా డయాలిసిస్ చాలినంత జరుగుచున్నదా లేదా అని ఆయన చూస్తాడు. వారానికి మూడుసార్లు జరుగవలసినది రెండుసార్లే జరిగితే, నాలుగు గంటలు కూర్చొనక మూడు గంటలకే లేచిపోతే, దురద తగ్గమంటే ఎట్లు తగ్గుతుంది? తరువాత గాబాపెంటిన్ అనే నరాల మందు ఉన్నది. ఇది మూత్రపిండాల ద్వారానే బయటకు పోవలసినది కనుక డయాలిసిస్ ముగిసిన పిదప చాల కొద్ది మోతాదులో ఇస్తారు. పొరుగువారికి పనిచేసినదని వారి మోతాదు తెచ్చుకొని వాడితే మత్తు కమ్మి, కాళ్ళు తడబడి పడిపోవడం ఖాయం. అతినీలలోహిత కిరణాలతో ఈ దురద శమిస్తుందని అమెరికా వైద్యులు 1977లోనే చూపారు. పైన చెప్పిన కప్పా గ్రాహకాలపై పనిచేసే నాల్ఫురాఫిన్ జపానులో 2009లోను, డైఫెలికెఫాలిన్ అమెరికాలో 2021లోను ఆమోదం పొందినవి. ఇవి ఖరీదైన మందులు, అన్నిచోట్ల లభించవు. మూత్రపిండ మార్పిడి జరిగి క్రొత్త మూత్రపిండం చక్కగా పనిచేస్తే చాలమందికి దురద దానంతటదే తగ్గిపోతుంది.

వైద్యునితో ఏమని చెప్పవలెనో తోచని వారికి ఒక సులువైన పద్ధతి ఉన్నది. దురద అసలు లేకుంటే సున్న, ఊహింపదగిన మిక్కిలి దురదకు పది. గడచిన ఇరువదినాలుగు గంటలలో అతి తీవ్రంగా ఉన్నప్పుడు ఎంత ఉన్నదో ఆ అంకె చెప్పవలె. రాత్రి ఎన్ని గంటలు నిద్రపట్టినదీ, ఏ మందులు వాడుతున్నదీ కూడ ఒక కాగితంపై వ్రాసికొని పోవడం మేలు. కాగితం చేతిలో ఉంటే, డయాలిసిస్ మంచం పై రోగి మొగమాటపడి ఊరకున్నా, ప్రక్కనున్న వారైనా చదివి వినిపించగలరు.