అన్నింటికీ మైనస్ నైనే మందా?

అమీర్‌పేట జిరాక్సు నోట్సుతో లినక్స్ నేర్చుకుని, వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్లిలోనో పీజీలో ఉంటూ ఆన్‌కాల్ డ్యూటీలు చేస్తున్న తెలుగువాళ్లు బెంగళూరులో చాలామందే ఉన్నారు. కమాండ్లు అందరికీ వచ్చు. వాటి వెంట వచ్చిన నమ్మకాలతోనే చిక్కు. సీనియర్ చెప్పాడని ఒకటి, పోయినసారి పనిచేసిందని ఇంకొకటి అలా నిలిచిపోయాయి. వాటిలో కొన్నింటిని ఇక్కడ చూద్దాం.

అపోహ: ప్రాసెస్ మొండికేస్తే కిల్ మైనస్ నైన్ కొట్టాలి.

కిల్ కమాండ్ ప్రాసెస్‌కు ఒక సిగ్నల్ పంపుతుంది, అంతే. అంకె ఇవ్వకపోతే వెళ్లేది 15, అంటే సిగ్‌టర్మ్. అది అందిన ప్రోగ్రామ్ చేతిలో పని ముగించి, కనెక్షన్లు మూసి, లాక్ ఫైళ్లు తీసేసి తప్పుకుంటుంది. అలా తప్పుకునేలా రాసి ఉంటేనే అనుకోండి. 9 సంగతి వేరు. దాన్ని ప్రోగ్రామ్ పట్టుకోలేదు, ఆపలేదు. కెర్నలే దాన్ని ముగించేస్తుంది. సర్దుకోవడానికి వ్యవధి ఉండదు. ఇంకా డిస్కుకు రాయమని అప్పగించని డేటా పోతుంది, లాక్ ఫైలు మిగిలిపోతుంది, పిల్ల ప్రాసెస్‌లు దిక్కులేకుండా నడుస్తూ ఉంటాయి.

పోస్ట్‌గ్రెస్ దగ్గర ఇది మరీ ప్రమాదం. సర్వర్ ఆపడానికి 9 వాడొద్దని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. నత్తనడక నడుస్తున్న ఒక్క క్వెరీని ఆపుదామని ఆ ఒక్క బ్యాకెండ్‌కే 9 పంపారనుకోండి. షేర్డ్ మెమరీ పాడై ఉంటుందన్న అనుమానంతో పోస్ట్‌మాస్టర్ అనే దాని తల్లి ప్రాసెస్ మిగతా అందరి కనెక్షన్లూ తెంచేసి రికవరీకి దిగుతుంది. ఆపాలనుకున్నది ఒకరిని, ఆగిపోయేది అందరూ. క్వెరీని రద్దు చేయడానికి పోస్ట్‌గ్రెస్‌లోనే వేరే ఫంక్షన్ ఉంది, అది వాడాలి.

సిస్టమ్‌డీ కూడా సర్వీస్‌ను ఆపమంటే ముందు 15 పంపి, మామూలుగా 90 సెకన్లు ఆగి, అప్పటికీ పోకపోతేనే 9 దాకా వెళుతుంది. యంత్రానికున్న ఓపిక మనకుండదు.

పైగా 9 ప్రతిసారీ పనిచేస్తుందన్న హామీ కూడా లేదు. పీఎస్ జాబితాలో స్థితి దగ్గర 'డి' కనిపిస్తే, ఆ ప్రాసెస్ డిస్కు కోసమో, ఉలుకూపలుకూ లేని ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ కోసమో కెర్నల్ లోపల ఎదురుచూస్తోందని అర్థం. ఆ నిరీక్షణ తీరేదాకా ఎన్ని సిగ్నళ్లు పంపినా చాలాసార్లు ఫలితం ఉండదు. లినక్స్ లోడ్ యావరేజ్‌లో ఈ డి స్థితివాళ్లనీ లెక్కేస్తుంది. సీపీయూ ఖాళీగా ఉన్నా లోడ్ 40 చూపించడం అందుకే. అలాంటప్పుడు సీపీయూలు పెంచమని టికెట్ వేయడం డబ్బు దండగ.

అపోహ: జాంబీ ప్రాసెస్‌లు మెమరీ తినేస్తాయి, వెతికి చంపాలి.

అవి ఎప్పుడో చచ్చిపోయాయి. మెమరీ అప్పుడే వెనక్కి ఇచ్చేశాయి. తల్లి ప్రాసెస్ వచ్చి ఎగ్జిట్ కోడ్ తీసుకోలేదు కాబట్టి పట్టికలో ఒక వరుస మిగిలింది, అంతే. ఒకటీ అరా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. వేలల్లో పెరుగుతుంటే మాత్రం తల్లి ప్రోగ్రామ్‌లో బగ్ ఉన్నట్టే, చూడాల్సింది దాన్నే.

అపోహ: కమాండ్ చివర యాంపర్‌శాండ్ పెడితే ల్యాప్‌టాప్ మూసినా పని నడుస్తుంది.

ఒక్కోసారి నిజంగానే నడుస్తుంది. ఈ నమ్మకం ఇంతకాలం బతకడానికి కారణం అదే. బాష్‌లో ఎగ్జిట్ అని టైప్ చేసి బయటికొస్తే, డీఫాల్ట్ సెట్టింగుల్లో వెనక నడుస్తున్న పనుల జోలికి అది పోదు. కానీ సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్‌లో క్యాబ్‌లో కూర్చుని ఫోన్ హాట్‌స్పాట్ మీద పని మొదలుపెట్టారు, సిగ్నల్ పోయింది. కనెక్షన్ తెగిందని సర్వర్ గ్రహించగానే షెల్‌కు హ్యాంగప్ సిగ్నల్ వస్తుంది. షెల్ దాన్ని తన పనులన్నింటికీ పంచుతుంది. అర్ధరాత్రి మైగ్రేషన్ సగంలో ఆగిపోయేది ఇలాగే.

నోహప్ పెట్టి నడిపితే ఆ సిగ్నల్‌ను ప్రోగ్రామ్ లెక్కచేయదు. టీమక్స్ అయితే ఇంకా మేలు, మళ్లీ లాగిన్ అయి అదే తెరకు రావచ్చు. ఒక మెలిక ఉంది: 2016లో వచ్చిన సిస్టమ్‌డీ 230లో, లాగౌట్ అయిన యూజర్ ప్రాసెస్‌లన్నింటినీ ముగించేయడం డీఫాల్ట్ చేశారు. గొడవ జరిగింది, డెబియన్ లాంటివి దాన్ని ఆపి పెట్టుకున్నాయి. మీ సర్వర్‌లో ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే టీమక్స్ కూడా పోతుంది. రోజూ నడవాల్సిన పనైతే యూనిట్ ఫైల్ రాసి సర్వీస్‌గా పెట్టడమే పద్ధతి.

అపోహ: ఎనేబుల్ చేశాం కదా, సర్వీస్ నడుస్తోంది.

ఎనేబుల్ వచ్చే బూట్‌కు, స్టార్ట్ ఇప్పటికి. రెండూ కావాలంటే ఎనేబుల్‌కు 'నౌ' జోడించాలి. పచ్చరంగులో 'యాక్టివ్' అని కనిపించినా ప్రాసెస్ బతికుందనే తెలుస్తుంది, పోర్టు మీద జవాబిస్తోందని కాదు. రీస్టార్ట్ ఆల్వేస్ పెట్టామన్న ధీమా కూడా వద్దు: డీఫాల్ట్‌గా 10 సెకన్లలో 5 సార్లు మొదలుపెట్టి చూశాక సిస్టమ్‌డీ చేతులెత్తేస్తుంది.

అపోహ: సర్వర్‌లో ఇంకా 10 జీబీ ఖాళీ ఉంది, కాబట్టి ప్రాసెస్ మెమరీ వల్ల చావలేదు.

ఎగ్జిట్ కోడ్ 137 వచ్చిందేమో చూడండి. 128కి 9 కలిపితే 137. ఎవరో 9 పంపారు, మీ టీమ్‌లో ఎవరూ పంపలేదంటే మొదట అనుమానించాల్సింది, మెమరీ చాలనప్పుడు ప్రాసెస్‌లను ముగించే కెర్నల్‌లోని ఓఓఎం కిల్లర్‌ను. మొత్తం సర్వర్‌లో మెమరీ మిగిలి ఉన్నా, ఆ సర్వీస్‌కో కంటెయినర్‌కో గీసిన హద్దు దాటితే చాలు, అది దిగుతుంది.

ఈ హద్దు కథలో మన ఊరికీ వాటా ఉంది. ప్రాసెస్‌లను గుంపులుగా కట్టే సీగ్రూప్స్ పని 2006లో గూగుల్ ఇంజినీర్లు పాల్ మెనాజ్, రోహిత్ సేఠ్ మొదలుపెట్టారు. 2008 జనవరిలో 2.6.24 కెర్నల్‌తో బయటికొచ్చింది. గుంపుకు మెమరీ పరిమితి పెట్టే కంట్రోలర్ ఆ తర్వాతి 2.6.25లో చేరింది. ఆ సోర్స్ ఫైలు మొదట్లో ఐబీఎం కాపీరైట్, 2007 సంవత్సరం, రచయితగా బల్బీర్ సింగ్ పేరు ఉంటాయి. ఆయన అప్పుడు ఐబీఎం లినక్స్ టెక్నాలజీ సెంటర్ బెంగళూరు బృందంలో పనిచేసేవారు. కింద ఓపెన్‌వీజెడ్ తరఫున పావెల్ ఎమెల్యనోవ్ పేరు కూడా ఉంటుంది. తర్వాత ఆ కోడ్‌ను ఎందరో తిరగరాశారు. అయినా ఈరోజు డాకర్, కుబెర్నెటీస్ పెట్టే మెమరీ పరిమితులకు పునాది అదే. ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో రోజూ కనిపించే 137కి ఇంత దగ్గర చుట్టరికం ఉందని ఎంతమందికి తెలుసు?

సర్వర్ మొత్తం ఖాళీని చూడాల్సి వచ్చినా 'ఫ్రీ' గడి చూసి కంగారు పడొద్దు. వాడని మెమరీని లినక్స్ ఫైళ్ల క్యాష్‌కు వాడుకుంటుంది. చూడాల్సింది 'అవైలబుల్' గడి.

కాబట్టి ఏది పడిపోయినా రీస్టార్ట్ కొట్టేముందు రెండు నిమిషాలు ఆగి, స్టేటస్, ఆ సర్వీస్ జర్నల్, కెర్నల్ జర్నల్ ఒక ఫైల్లోకి తీసిపెట్టుకోండి. చాలా సర్వర్లలోని డీఫాల్ట్ సెట్టింగుల్లో, వార్ లాగ్ కింద జర్నల్ అనే ఫోల్డర్ లేకపోతే సిస్టమ్‌డీ లాగులు ర్యామ్‌లోనే ఉంటాయి, రీబూట్‌తో పోతాయి. మీ సర్వర్లలో ఆ ఫోల్డర్ ఉందో లేదో ఈరోజే చూసుకోండి.