జ్వరం తగ్గినా ముప్పు తొలగినట్లేనా? వయోజనులు వైద్యుడిని ఎప్పుడు సంప్రదించాలి?

వర్షాకాలంలో దేశవ్యాప్తంగా ఆసుపత్రులకు జ్వరపీడితుల తాకిడి పెరుగుతుంది. వీటిలో చాలావరకు వైరల్ జ్వరాలే. విశ్రాంతితో కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గిపోతాయి. అయితే డెంగ్యూ, మలేరియా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ కూడా తొలి రెండు రోజులు సాధారణ జ్వరాల్లాగే కనిపిస్తాయి. అందుకే థర్మామీటర్ చూపే అంకెతో పాటు జ్వరం ఎన్ని రోజులుగా ఉంది, దానికి తోడుగా ఏ లక్షణాలు ఉన్నాయి అన్నవి కూడా గమనించాలి.

ఎన్ని డిగ్రీలు? ఎన్ని రోజులు?

శరీర ఉష్ణోగ్రత 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ (38 డిగ్రీల సెల్సియస్) లేదా అంతకు మించితే సాధారణంగా జ్వరంగా పరిగణిస్తారు. ఇతర ఇబ్బందులేవీ లేని ఆరోగ్యవంతులు ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుంటూ, ద్రవాహారం పుచ్చుకుంటూ వేచి చూడవచ్చు. 103 డిగ్రీలు దాటినా, మూడు రోజులకు మించి కొనసాగినా, తగ్గినట్లే తగ్గి మళ్లీ వచ్చినా వైద్యుడిని సంప్రదించాలి.

మలేరియా వ్యాప్తి ఉన్న ప్రాంతాల్లో నివసించేవారు, అక్కడి నుంచి తిరిగి వచ్చినవారు ఈ మూడు రోజులు కూడా ఆగరాదు. ఫాల్సిపేరం రకం మలేరియాకు 24 గంటల్లో చికిత్స అందకపోతే పరిస్థితి విషమించే అవకాశం ఉంది.

గర్భిణులు, వృద్ధులు, మధుమేహం, గుండె, మూత్రపిండాల వ్యాధులు ఉన్నవారు తొలిరోజే వైద్యుని సలహా తీసుకోవడం మేలు. కీమోథెరపీ పొందుతున్నవారికి జ్వరం వస్తే దానిని అత్యవసర స్థితిగానే భావించాలి.

తక్షణం ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు

మాట తడబడటం, అయోమయం, మూర్ఛ, మెడ బిగుసుకుపోవడం, భరించలేని తలనొప్పి, ఆయాసం, ఛాతీనొప్పి, ఒంటిపై ఎర్రని లేదా ఊదా రంగు మచ్చలు, మూత్రం బాగా తగ్గిపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఉష్ణోగ్రత ఎంత అన్నదానితో నిమిత్తం లేకుండా ఆసుపత్రికి తరలించాలి. 108 అంబులెన్స్ సేవలు ఉన్న రాష్ట్రాల్లో ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు.

డెంగ్యూలో అసలు గండం

డెంగ్యూ రోగుల్లో సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల మధ్య జ్వరం తగ్గుతుంది. కోలుకున్నామని రోగి భావించే ఆ సమయమే కీలకం. తర్వాతి 24 నుంచి 48 గంటల్లో కొందరికి రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటకు చేరి, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లు లేదా ముక్కు నుంచి రక్తస్రావం, విపరీతమైన నీరసం, చేతులూ కాళ్లూ చల్లబడటం ప్రమాద సూచనలు. ప్లేట్‌లెట్ల సంఖ్య ఫర్వాలేదనిపించినా ఈ లక్షణాలను ఉపేక్షించరాదు.

మందుల విషయంలో జాగ్రత్త

జ్వరానికి పారాసిటమాల్‌ను నిర్దేశిత మోతాదులోనే వాడాలి. వయోజనులకు రోజుకు నాలుగు గ్రాములు గరిష్ఠ పరిమితి. కాలేయ వ్యాధి ఉన్నవారికి అంతకంటే తక్కువే సురక్షితం. డెంగ్యూ కాదని తేలేవరకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి వెళ్లకూడదు. వాటివల్ల రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గుండెజబ్బుకు ఆస్పిరిన్ వాడుతున్నవారు సొంతంగా ఆపేయకుండా వైద్యుడిని అడగాలి. వైరల్ జ్వరాలపై యాంటీబయాటిక్స్ పనిచేయవు.

జ్వరం మొదలైన తేదీ, ఉష్ణోగ్రత నమోదులు, వాడిన మందులు, ఇటీవలి ప్రయాణాల వివరాలు రాసి ఉంచుకుంటే వైద్యుడు సరైన పరీక్షను ఎంచుకోవడం సులభమవుతుంది. డెంగ్యూ నిర్ధారణకు జ్వరం ఎన్నో రోజున పడిందన్నదే ప్రధానం: తొలి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్‌1, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష ఉపయోగపడతాయి.