ట్విస్ట్ తెలిసినా టికెట్ కొన్నాం

‘తెలిసిన కథకి మళ్లీ డబ్బులెందుకురా?’ 2019 ఆగస్టు 15న ‘ఎవరు’ రిలీజైనప్పుడు సికింద్రాబాద్‌లోని మా రూమ్‌లో ఇదే గొడవ. మా రూమ్‌మేట్ అప్పటికే 2016 నాటి స్పానిష్ థ్రిల్లర్ ‘ది ఇన్విజిబుల్ గెస్ట్’, ఆ మార్చిలోనే వచ్చిన హిందీ ‘బద్లా’ రెండూ చూసేశాడు. హాల్లో నా చెవిలో కథ ముందే చెప్పడం మొదలెట్టాడు. ఇంటర్వెల్‌కల్లా చప్పుడు లేదు.

ఎందుకో చెబుతా. భయపడకండి, క్లైమాక్స్ జోలికి వెళ్లను.

ఓరియల్ పావ్‌లో తీసిన ఒరిజినల్‌లో ఓ బిజినెస్‌మ్యాన్, లోపల గడియ వేసిన హోటల్ గది, అందులో ప్రియురాలి శవం. బయటికి ఎవరూ వెళ్లలేదు, మరి చంపిందెవరు? అతని ఎదుట కూర్చుని నిజం రాబట్టేది ఓ లాయరమ్మ. సుజోయ్ ఘోష్ ‘బద్లా’లో నిందితుడి చోట తాప్సీ, లాయరమ్మ చోట అమితాబ్ వచ్చారు. గది మాత్రం అదే.

తెలుగు దర్శకుడు వెంకట్ రామ్‌జీ ఆ గదినే తీసేశాడు. ‘ఎవరు’లో సమీర (రెజీనా) ఓ పోలీసు అధికారిని కాల్చేసింది. అత్యాచారం చేశాడు, ఆత్మరక్షణ కోసం కాల్చానంటుంది. ఎవరు కాల్చారో మొదట్లోనే తెలుసు కాబట్టి ప్రశ్నే మారిపోయింది: ఈమె చెప్పేది నిజమేనా? ఇక లాయర్ కుర్చీలో కూర్చుంది లంచాలు తినే ఎస్సై విక్రమ్ వాసుదేవ్, అంటే అడివి శేష్.

నాకు బాగా నచ్చిన మార్పు ఇదే. మనలో చాలామందికి లాయర్ ఆఫీసు కన్నా పోలీస్ స్టేషనే దగ్గర. డబ్బు తీసుకున్న ఎస్సై కేసులోంచి బయటపడేస్తాడంటే మనకి ఇంకో డైలాగ్ అక్కర్లేదు, నమ్మేస్తాం. పేర్లు, ఊళ్లు మార్చడం ఎవరైనా చేస్తారు. ఇక్కడ మార్చింది నమ్మకం పుట్టే చోటు.

నచ్చనిదీ ఉంది. అత్యాచార ఆరోపణని పజిల్‌లో ఓ ముక్కలా వాడటం. ‘మీ టూ’ మన దేశంలో గట్టిగా వినిపించిన మరుసటి ఏడాదే వచ్చిందీ సినిమా. హాల్లో చప్పట్లు కొట్టాను గానీ, బయటికొచ్చాక గుచ్చుకుంది. ఒరిజినల్‌లో మన అనుమానమంతా డబ్బున్న మగాడి మీదే.

కెరీర్ పేజీలో ఈ సినిమా గోలేంటంటారా? ఫ్రెషర్‌గా నాకిచ్చిన తొలి పని, ఎవరో రాసిన పాత కోడ్‌ని కొత్త ప్లాట్‌ఫామ్‌కి మార్చడం. లైన్‌కి లైన్ దించేశాను. రన్ అయింది, కానీ వాడేవాళ్లకి పనికిరాలేదు. పాత స్క్రీన్ అలా ఎందుకుందో నేను ఎవర్నీ అడగలేదు మరి.

స్క్రిప్ట్ రైటింగ్ మీద మనసున్నవాళ్లు ఒరిజినల్‌ని 20వ నిమిషం దగ్గర ఆపండి. నిందితుడు ఎవరికి, ఎందుకు చెబుతున్నాడో ఓ కాగితం మీద రాయండి. ‘ఎవరు’కీ అదే చేసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకోండి. మా రూమ్‌మేట్ చేశాడు. ఇప్పుడు హాల్లో చెవి కొరకడం మానేసి నోట్‌బుక్ తెస్తున్నాడు. ఫోన్ లైటేసి మరీ రాస్తాడు, అది ఇంకో గొడవ.