మీటరు ఒకటే... పొయ్యిలు అయిదు!

“అమ్మా, మా ఇంట్లో కరెంటు శానా కాలుతాందంట. అందుకే కార్డు తీసేసినారంట...”

పొద్దున్నే అంట్ల దగ్గర కూచోకుండా, గుమ్మం పట్టుకుని నిలబడి అంది మా పనామె. ముందు నాకు నవ్వొచ్చింది. ఆమె ఇల్లు నేనెరుగుదును. ఒక గది, ఒక బల్బు, ఒక ఫ్యాను. ఫ్రిజ్ లేదు, మిక్సీ లేదు. ఆమె మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. 2020 మొదట్లో సంగతి ఇది.

అంతకుముందు 2019 నవంబరులో మన రాష్ట్రంలో తెల్లకార్డుల స్థానంలో బియ్యం కార్డులంటూ కొత్త అర్హతలు పెట్టారు. పల్లెలో అయితే నెలకు 10 వేలు, పట్నంలో అయితే 12 వేల రూపాయల లోపు ఆదాయం ఉండాలి. ఇంట్లో సర్కారు ఉద్యోగి ఉండకూడదు (పారిశుధ్య పనివాళ్లకు మినహాయింపు). కారు ఉండకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరుకు ఫరవాలేదు. ఆదాయపు పన్ను కట్టకూడదు. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు. ఈ ఆఖరిదే మా పనామె పీకకు చుట్టుకుంది.

నిజం చెప్పాలంటే అందులో మా అనంతపురం జిల్లాకు మేలు చేసిన మార్పులూ ఉన్నాయి. అంతకుముందు మెట్ట భూమి 5 ఎకరాలు దాటితే కార్డు లేదనేవారు. దాన్ని 10 ఎకరాలు చేశారు. కోనసీమలో 5 ఎకరాలున్న ఆసామికీ, వానకోసం మొగులు చూస్తూ శెనక్కాయ విత్తే కళ్యాణదుర్గం రైతుకూ పోలికేమిటి చెప్పండి! మా పనామెకూ ఊళ్లో నాలుగెకరాల ఎర్రనేల ఉంది. విత్తనం ఖర్చు కూడా రాని ఏళ్లు వరసగా వచ్చాక, మొగుడూ పెళ్లాం కొడుకుని వెంటబెట్టుకుని టౌనుకొచ్చేశారు.

మా అత్తగారు రెండు రూపాయల బియ్యం మొదలైన 1983 నాటి కబుర్లు చెబుతుంటారు. అప్పట్లో ఏడాదికి 6 వేల లోపు ఆదాయమంటే చాలు, మనిషికి 5 కిలోల చొప్పున ఇంటికి 25 కిలోల దాకా ఇచ్చేవారు. సంగటి తినే ఇళ్లల్లో రోజూ వరన్నం ఉడకడం అప్పుడే మొదలైందంటారావిడ. 1996లో ధర మూడున్నర చేసి, ఇంటికి 20 కిలోలకు కుదించారు. అప్పటికి నేను చిన్నపిల్లని. స్టోరు దగ్గర ఆడవాళ్ల కేకలు మాత్రం గుర్తున్నాయి.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. మా అత్తగారింట్లోనూ తెల్లకార్డు ఉండేది. మిద్దె ఉంది, మావారి జీతం ఉంది, అయినా ఉండేది. “ఆసుపత్రికి పనికొస్తుంది, పడుండనీ” అనేవారు. ఆ బియ్యం మేం వండుకునేవాళ్లం కాదు. దోసెలకు కొంచెం నానబోసి, మిగిలింది ఎవరికిచ్చేవాళ్లమో తెలుసా? మా పనామెకే! ఊరికే కాదు, జీతంలో విరగ్గోసి. నేను కథలు రాస్తాను, పేదవాళ్ల మీదే ఎక్కువ రాస్తాను. అయినా ఆ లెక్క తప్పని నాకు ఒక్కనాడూ తోచలేదు. 2020లో మా కార్డు కూడా పోయింది. అది పోవలసిందే.

ఆమెది మాత్రం పోగూడనిది. ముగ్గురు మనుషులు, నెలకు 15 కిలోల రూపాయి బియ్యం. అది ఆగితే అంగట్లో కొనాలి. “రెండిండ్ల పని అచ్చంగా బియ్యానికే పోతాది మా. ఇంగ బాడుగ యాణ్నుంచి తెచ్చేది?” అంది.

ఇంతకీ తప్పెక్కడ? వరసగా అయిదు పోర్షన్లు, అన్నింటికీ ఒకే మీటరు. అయిదిళ్ల వాడకం కలిపితే 300 దాటక ఏం చేస్తుంది? సర్వేలో ఆ మీటరు నంబరు అయిదు కాపురాలకీ రాసుకుపోయారు.

నేను డిగ్రీ చదివినదాన్ని కదా అని రెండు పేజీల అర్జీ రాసిచ్చాను. ఆఫీసులో ఆ కాయితం ఎవరూ చదవలేదట. “ఇంటి ఓనరు దగ్గర బాడుగకు ఉన్నట్టు రాయించుకురా” అన్నారట. ఇంటాయనేమో, బాడుగకిచ్చినట్టు రాసిస్తే ఇంటిపన్ను పెంచుతారని భయపడ్డాడు. అన్నట్టు, 2013 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం కార్డులో ఇంటి యజమానిగా రాయాల్సింది 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దామెనే. మంచిదే. కానీ తిరగడం కూడా ఆమే తిరగాలి, పని మానుకుని! “నీ పేరే ఉంది కదా, నువ్వే పో” అన్నాడట మొగుడు.

చివరికి నేనే ఒక సాయంత్రం ఇంటాయన భార్య దగ్గరికి వెళ్లాను. కాఫీ ఇచ్చింది. కోడలి పురుడు గురించి గంటసేపు మాట్లాడుకున్నాం. లేచి వచ్చేటప్పుడు విషయం చెప్పాను. “అయిదిండ్లోళ్లూ పస్తులుంటే మనకు బాడుగ ఎవరిస్తారు?” అని లోపలికి చూస్తూ గట్టిగా అంది ఆవిడ. మర్నాడు కాయితం వచ్చింది. ఆఫీసు నుంచి మనిషొచ్చి గదులు చూసి వెళ్లాడు. మూడు నెలలకు కార్డు వచ్చింది. ఆ మూడు నెలలూ బియ్యం నేనిచ్చాను. ఈసారి జీతంలో విరగ్గోయలేదు. ఆమె మాత్రం ఎన్ని కిలోలో వేళ్ల మీద లెక్కపెట్టుకుని, శెనక్కాయ పండిన ఏడు పెద్ద మూట తెచ్చి నా వంటింట్లో దించింది.

మొన్న కార్డులో ఉన్నవాళ్లంతా మళ్లీ వేలిముద్ర వేయాలన్నారు. పాతికేళ్లుగా సబ్బునీళ్లలో నానిన వేళ్లు, గీతలెక్కడివి? రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చింది. మూడోసారి పంపేటప్పుడు రాత్రే కొబ్బరినూనె రాసుకుని పడుకోమన్నాను. అయినా పడలేదట. కంటిపాప చూసే మిషను పెట్టారట.

“కండ్లు పెద్దగా తెరువు అన్న్యాడు మా. తెరిస్తి. ఒప్పుకున్యాది!” అంటూ వచ్చి, చెంగు దోపుకుని అంట్ల ముందు కూచుంది.